గెడ్డ తన దారి మరచిపోదు

(తగరపువలస విలేఖరి)

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద లారీల రొద. రోడ్డు కింద మదుంలో మాత్రం సద్దు లేదు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చల్లని నీడ. ఇటు చివర వంగి చూస్తే అటు చివర రూపాయి బిళ్ళంత వెలుగు. ఆ వెలుగు దాకా పాకి వెళ్ళి వచ్చినవాడే మొనగాడు. మన జిల్లా పల్లెల్లో పెరిగిన ఏ మగపిల్లవాణ్ణి కదిపినా ఇలాంటి ముచ్చట ఒకటి చెబుతాడు. చెప్పలేదంటే ఇంట్లో తెలిస్తే తంతారని దాచుకున్నాడన్న మాట.

తగరపువలస దగ్గర జాతీయ రహదారి కింద ఉన్న ఒక మదుంలో ఈ విలేఖరి కూడా పదేళ్ళ ప్రాయంలో అలాగే దూరాడు. క్రికెట్ ఆడుతుంటే బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది. బంతి కొన్నది అయిదుగురం చందా వేసుకుని. వదిలిపెట్టే ప్రశ్న లేదు. ఇద్దరం లోపలికి దిగాము. తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. దూరాన పడమటి కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకుని ఉంది. కొండ మీది వానతో మనకేమి పని అనుకున్నాము.

సగం దూరం వెళ్ళామో లేదో ముందుగా గాలి వచ్చింది. తడిమట్టి వాసనతో చల్లటి గాలి. దాని వెనుక చీపురుతో ఊడ్చినట్టు ఎండుటాకులు, పుల్లలు, పాత చెప్పులు కొట్టుకువచ్చాయి. వాటి వెనుక నీరు. ముందు పాదాలు తడిశాయి. వెనుదిరిగి పది అడుగులు వేసేసరికి మోకాళ్ళు మునిగాయి. గోడ పాచి పట్టి ఉంది. చేతికి పట్టు దొరకలేదు. పైనున్న మిత్రులు తువ్వాలు విసిరి లాగకపోతే ఈ వ్యాసం రాసేవాడు ఉండేవాడు కాడు. గట్టు మీద కూలబడి చూస్తే మదుం నోటినిండా ఎర్రనీరు సుడులు తిరుగుతోంది. మేమున్నచోట మాత్రం అప్పటికీ ఒక్క చినుకు పడలేదు.

ఆ రాత్రి మా నాయనమ్మ వీపు మీద రెండు వేసి ఒకే మాట అన్నది: "గెడ్డ ఎండింది గానీ చావలేదురా."

ఆ మాట ఇప్పుడు తలచుకోవలసిన అవసరం వచ్చింది. మన ఊళ్ళ పిల్లలు చదువులకు, పనులకు విశాఖపట్నం వెళుతున్నారు. అక్కడ రోడ్ల కింద మనిషి నిలువునా నడవగల కాలువలున్నాయి. చేతిలో సెల్‌ఫోను దీపం, తోడుగా నలుగురు స్నేహితులు, లోపల ఏముందో చూద్దామన్న సరదా. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నగరమే ఇప్పుడు మన ఊరి దాకా నడచి వచ్చింది.

చీకటి మీద మోజు ఈనాటిది కాదు

భూమి కింద ఏముందో చూడాలనే కోరిక మనిషికి పుట్టుకతో వచ్చింది. గుహ కనబడితే తొంగి చూడనివాడు ఉండడు. ఆస్ట్రేలియా దేశంలోని మెల్‌బోర్న్ నగరంలో 1986లో కొందరు కుర్రవాళ్ళు కలసి 'కేవ్ క్లాన్' అనే బృందం పెట్టుకున్నారు. అంటే గుహల ముఠా అని చెప్పుకోవచ్చు. వారి పనల్లా నగరం కింద ఉన్న వాననీటి కాలువల్లో దూరి తిరగడం, ఒక్కో కాలువకు ఒక పేరు పెట్టుకోవడం. అక్కడి అధికారులు వద్దని చెప్పినా వారు మానలేదు. అంత తెగించినవారు కూడా ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకున్నారు. వానపడే సూచన ఉంటే కాలువలోకి దిగరాదు. ఈ సరదాలో ఆరితేరినవారే పెట్టుకున్న నియమం అది.

లండన్ నగరంలో 150 ఏళ్ళకు పైగా క్రితం సరదా కోసం కాక పొట్టకూటి కోసం మురుగు కాలువల్లో తిరిగేవారు ఉండేవారు. వారిని 'టోషర్లు' అనేవారు. నాణేలు, ఇనుప ముక్కలు, తాళ్ళు ఏరుకుని అమ్ముకునేవారు. హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత 1851లో వారి బతుకుల గురించి వివరంగా రాశాడు. వారు ఒంటరిగా దిగేవారు కారు. చేతిలో పొడవాటి కర్ర, రొమ్మున లాంతరు ఉండేవి. థేమ్స్ నదికి పోటు వస్తే నీరు వెనక్కి తన్ని కాలువ నిండిపోతుంది గనుక పోటు వేళలు లెక్క చూసుకుని దిగేవారు. అయినా లెక్క తప్పినవాడు తిరిగి వచ్చేవాడు కాడు.

జపాను వారు ఇదే సరదాను మరో దారి పట్టించారు. టోక్యో నగరానికి ఉత్తరాన కసుకబే అనే చోట వరద నీటిని మళ్ళించడానికి భూమికి సుమారు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల పొడవైన సొరంగం తవ్వారు. 2006లో ఆ పని పూర్తయింది. దాని చివర 177 మీటర్ల పొడవు, 78 మీటర్ల వెడల్పు గల నీటి తొట్టి ఉంది. కప్పును మోయడానికి 59 స్తంభాలు నిలబెట్టారు. చూడవచ్చినవారికి పెద్ద కోవెల మండపంలో నిలబడినట్టుంటుంది. వరద లేని రోజుల్లో టిక్కెట్టు కొన్నవారిని వెంట మనిషినిచ్చి దింపుతారు. వాన సూచన ఉంటే తలుపు మూస్తారు.

కాబట్టి మోజును తప్పు పట్టనక్కరలేదు. ఎక్కడ దిగుతున్నాము, ఎప్పుడు దిగుతున్నాము, బయట ఎవరున్నారు అన్నదే అసలు సంగతి.

రోడ్డు కింద గెడ్డ ఉంది

విశాఖపట్నం పళ్ళెం వంటి ఊరు. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ. చినుకు పడితే కొండ మీది నీరంతా పళ్ళెంలోకి జారి, అక్కడి నుండి సముద్రానికో హార్బరుకో చేరాలి. ఆ నీరు నడిచే దారులనే మనం గెడ్డలంటాము. గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ, మేఘాద్రిగెడ్డ అన్న పేర్లు వింటేనే అవి ఒకనాడు ఏరులని తెలుస్తుంది. పాత పట్నంలో 'చావులమదుం' అనే చోటే ఉంది. ఆ పేరు ఎలా వచ్చినదైనా, పిల్లవాడు మదుంలోకి వంగినప్పుడు గుర్తుకు రావలసిన పేరు అది.

ఊరు పెరిగింది. గెడ్డకు ఇరువైపులా గోడలు లేచాయి. తరువాత పైన పలకలు పడ్డాయి. పలకల మీద కొట్లు, బళ్ళ స్టాండ్లు వచ్చాయి. 2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకంలో విశాఖ చేరింది. ఆ నిధులతో వాననీటి కాలువల పనులు కూడా జరిగాయి. గెడ్డ పేరు మారి డ్రెయిన్ అయింది. పాత పేరు తెలియని కుర్రవాడికి అది సిమెంటు సొరంగంగానే కనబడుతుంది. నీటికి మాత్రం పేరుతో పని లేదు. వాన పడితే దానికి తెలిసిన దారి అదొక్కటే.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం వద్ద తీరం దాటింది. తుపాను దాటినది శ్రీకాకుళం జిల్లాలోనైనా విశాఖ నగరంలో పల్లపు కాలనీలు మునిగాయి. రోడ్డేదో గెడ్డేదో తెలియలేదు. ఇళ్ళు కట్టి మరచిపోయిన దారులన్నిటినీ నీరు ఒక్క రాత్రిలో వెదికి పట్టుకుంది.

ఎకరం లెక్క చూడండి

నీరు అంత తొందరగా ఎలా వస్తుందని సందేహం రావచ్చు. రైతుకు తెలిసిన లెక్కలోనే చెప్పుకుందాము. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40,000 లీటర్ల నీరు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. అదే ఎకరం మీద అయిదు సెంటీమీటర్లు పడితే 40 ట్యాంకర్లు. వరి మడిలో అయిదు సెంటీమీటర్ల నీరు గట్టు దాటదు. నేల కొంత తాగుతుంది, మిగిలినది మడిలోనే నిలుస్తుంది.

నగరంలో నేల ఎక్కడిది? మేడ మీద పడిన చినుకు గొట్టంలోకి, గొట్టం నుండి వీధి కాలువకు, వీధి కాలువ నుండి పెద్ద డ్రెయిన్‌కు నిమిషాల్లో చేరుతుంది. తాగేందుకు మట్టి లేదు, ఆపేందుకు గట్టు లేదు. నూరు ఎకరాల కాలనీ మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే రెండు కోట్ల లీటర్లు. 4,000 ట్యాంకర్ల నీరు. అందులో చాలా భాగం ఒకే ఒక్క కాలువ నోట్లోకి వచ్చి పడుతుంది. అందుకే కాలువలో నీరు చెరువులో పెరిగినట్టు మెల్లగా పెరగదు. గోడ కూలినట్టు వస్తుంది.

ఇక దాని బలం. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు తూగుతుంది. మోకాలు దాటిన నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారుతుంటే కాళ్ళ మీద సుమారు 30 కిలోల బరువుతో తోసినట్టుంటుంది. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కింద పాచి, ఇసుక, పగిలిన సీసాలు. ఒక్కసారి కాలు లేచిందంటే ఈతగాడు, ఈత రానివాడు అనే తేడా ఉండదు. ఏరులో కొట్టుకుపోతే చెట్టు వేరో రాయో దొరుకుతుంది. సిమెంటు కాలువలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మూసిన భాగంలోకి లాగిందంటే తల ఎత్తడానికి చోటు కూడా ఉండదు. సముద్రానికి పోటు వచ్చిన వేళ అయితే కాలువ చివర నీరు బయటికి పోలేక వెనక్కి తన్నుతుంది. లండన్ టోషర్లు భయపడిన పోటే మన తీరంలోనూ ఉంది.

ఆ వారం రోజులు

2015 సెప్టెంబరు మన జిల్లావారు మరచిపోలేరు. విశాఖ నగరంలో ఆరేళ్ళ పాప ట్యూషన్ ముగించుకుని ఇంటికి బయలుదేరుతూ, వాన నీటితో పరుగెడుతున్న కాలువలో జారిపడింది. చూస్తుండగానే మాయమయింది. నగరపాలక సిబ్బంది వందల మంది దిగి రాత్రింబవళ్ళు వెదికారు. పైన పలకలు, కింద పూడిక, మధ్యలో గొట్టాలు. ఎక్కడ తెరవాలో, ఎక్కడ దిగాలో తెలియని కాలువ. రెండు జిల్లాల్లో ఏ ఇంట చూసినా అదే మాట, ఏ తల్లి నోట విన్నా అదే మొక్కు. వారం రోజుల తరువాత ఆ పాప శరీరం మన భీమిలి దాటి, విజయనగరం జిల్లా భోగాపురం తీరాన దొరికింది.

నగరంలో ఒక వీధి కాలువ ఎక్కడికి పోతుందో ఆనాడు అందరికీ అర్థమయింది. అది వీధి చివర ఆగదు. సముద్రం దాకా పోతుంది.

హైదరాబాదులోనూ ఇదే కథ. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిన 12 ఏళ్ళ బాలిక నాలాలో పడి కొట్టుకుపోయింది. మరునాడు బండ చెరువులో శవమై తేలింది. 2023 ఏప్రిల్‌లో సికిందరాబాదు కళాసిగూడలో తెల్లవారుజామున పాల పాకెట్టు కోసం బయలుదేరిన చిన్నారి తెరచి ఉన్న నాలాలో పడి ప్రాణం పోగొట్టుకుంది.

వీరెవరూ సాహసం చేయబోయినవారు కారు. దారిన పోతూ పడినవారు. వెలుతురులో, జనం మధ్య పడినవారినే కాలువ తిరిగి ఇవ్వలేదు. కోరి లోపలికి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా చీకట్లో ఉన్నవాడి మాట ఏమిటి? వాడు అక్కడ ఉన్నాడనే సంగతే ఎవరికీ తెలియదు.

కంటికి కనబడని శత్రువు

నీరు లేకపోతే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. మన పట్టణాల్లో వాననీటి కాలువ వేరు, మురుగు కాలువ వేరు అన్న తేడా కాగితం మీదనే ఎక్కువ. వాన కాలువల్లోకి ఇళ్ళ మురుగు వదులుతుంటారు. పూడిక కుళ్ళిన చోట రెండు వాయువులు పుడతాయి. ఒకటి మీథేన్, నిప్పు రవ్వ తగిలితే మండుతుంది. రెండవది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఈ రెండవది జిత్తులమారి. గాలికంటే బరువు గనుక అడుగున పేరుకుని కూర్చుంటుంది. గాలిలో పదిలక్షల పాళ్ళకు నూరు పాళ్ళు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయింది, ఇక పరవాలేదని మనిషి ముందుకు నడుస్తాడు. వెయ్యి పాళ్ళకు చేరితే రెండు మూడు ఊపిరులకే పడిపోతాడు.

మన ఊళ్ళలో పాత బావి పూడిక తీసేటప్పుడు ముందు దీపం దింపి చూసే ఆచారం ఉంది. దీపం ఆరిపోతే ప్రాణవాయువు లేదని గుర్తు. బావి విషయంలో పెద్దల తెలివి మెచ్చుకోదగ్గదే. మురుగు కాలువలో మాత్రం ఆ పని చేయరాదు. మీథేన్ ఉంటే దీపమే నిప్పవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపేటంత ఉన్నా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది.

2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడు నగరంలో మ్యాన్‌హోల్ పనికి దిగిన ఇద్దరు కార్మికులు లోపల పడిపోయారు. ఇద్దరూ పొట్ట చేతబట్టుకుని పోయిన మన ఆంధ్రులే. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు కేకలు విని ఆగి, వారిని రక్షించడానికి తానూ దిగాడు. భాష తెలియదు, ముఖపరిచయం లేదు. సాటి మనిషని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆయన మంచితనాన్ని కేరళ దేశమంతా తలచుకుంది. ఆయన చావు నుండి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. గాలి లేని చోటికి గాలి తొడుగు లేకుండా రెండోవాడు దిగితే ఒక శవం రెండవుతుంది.

మన జిల్లా నుండి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి ఏటా ఎందరో కూలీలు పెద్ద నగరాలకు వలస పోతున్నారు. మేస్త్రీ చెప్పిన చోటల్లా దిగవలసి వస్తుంది. వారు తెలుసుకోవలసిన చట్టం ఒకటి ఉంది. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అలా దిగి మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యం పాలై బతుకుదెరువు పోగొట్టుకున్నవారికి 20 లక్షలకు తగ్గకూడదన్నది. ఈ పోరాటాన్ని దశాబ్దాలుగా నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. డబ్బు ప్రాణానికి బదులు కాదు. కానీ "దిగను" అనే హక్కు కూలివానికి ఉన్నదని చట్టం చెబుతున్నది. ఆ మాట ప్రతి పల్లెకూ తెలియాలి.

పదమూడు మంది ఎలా బతికారు

ఇలాంటి చిక్కులో పడి బయటపడినవారు లేరా అంటే ఉన్నారు. 2018 జూన్ 23న థాయిలాండు దేశంలో ఫుట్‌బాల్ ఆడే 12 మంది పిల్లలు, వారి శిక్షకుడు ఆట ముగించుకుని 'థామ్ లువాంగ్' అనే గుహలోకి వెళ్ళారు. లోపల ఉండగా బయట వాన కురిసి దారి మునిగింది. తొమ్మిది రోజులకు గాని వారి జాడ తెలియలేదు. ప్రపంచం నలుమూలల నుండి గజ ఈతగాళ్ళు వచ్చారు. రాత్రీ పగలూ నీరు తోడారు. జూలై 10 నాటికి 13 మందినీ బయటికి తెచ్చారు. ఆ ప్రయత్నంలో నౌకాదళంలో పనిచేసి వచ్చిన ఒక ఈతగాడు ప్రాణం విడిచాడు.

వారిని వెదకడం మొదలైనదే గుహ ముందు వదలిన సైకిళ్ళు, సామాను చూసి. వారు లోపల ఉన్నారని బయటివారికి తెలిసింది. అదే వారి అదృష్టం. పైగా కొండ గుహలో ఎత్తయిన తిన్నె ఒకటి దొరికింది. సిమెంటు కాలువలో అలాంటి తిన్నె ఉండదు. అది నీటి కోసం కట్టినది, మనిషి కోసం కాదు.

ఇక మన ఊరి మాట

తగరపువలస ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. ఒకప్పుడు సంతకు, చిట్టివలస జనపనార మిల్లుకు పేరుపడ్డ ఊరు. 2009లో ఆ మిల్లు మూతపడింది. ఇప్పుడు జాతీయ రహదారి వెంబడి లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన తరువాత ఆ జోరు మరింత పెరిగింది. ఊరు బాగుపడుతున్నందుకు సంతోషమే. కానీ గట్లు తీసి చదును చేసిన చోటల్లా ఆ పొలాలు తాగిన నీరు ఇప్పుడు ఎక్కడికి పోతుందో అడిగేవారు కావాలి. ఒకనాడు మడిలో నిలిచిన వాన ఇప్పుడు రోడ్డు పక్క కాలువలోకి దిగుతుంది. మా చిన్నతనంలో మోకాలు లోతు పారిన మదుం రేపు నడుము లోతు పారుతుంది. తేడా తెలియకుండా మన పిల్లలు మాత్రం బంతి కోసం అదే మదుంలోకి వంగుతారు.

కనుక ఇళ్ళలోనూ బడుల్లోనూ చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

మదుంలోకి, తూములోకి, మూసిన కాలువలోకి పిల్లలు దిగరాదు. ఎండాకాలమైనా సరే, ఆకాశం తేటగా ఉన్నా సరే. వాన మన నెత్తిన పడనక్కరలేదు, కొండ మీద పడితే చాలు. లోపల ఉండగా చల్లటి గాలి తోసినా, చెత్త కదిలినా, దూరాన రొద వినబడినా అది నీరు వస్తున్నదని కబురు. బంతి, చెప్పు, సెల్‌ఫోను ఏది ఉంటే అది వదిలి బయటికి పరుగెత్తాలి.

వాన నీరు నిలిచిన రోడ్డు మీద నడవవలసి వస్తే చేతికర్రతో ముందు నేల తడిమి చూసి అడుగు వేయాలి. పిల్లను కాలువ వైపు కాక రెండో వైపు నడిపించాలి. నీరు పోవడానికి కొందరు మ్యాన్‌హోల్ మూత తీసి పక్కన పెట్టి వెళ్ళిపోతారు. అది దారిన పోయేవాడికి ఉరి వేసినట్టే. తీస్తే మనిషి కాపలా ఉండాలి. తెరచి ఉన్న మూత కనబడితే అందులో కొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టండి. నిమిషం పని.

ఎవరైనా పడితే వెనుకే దూకవద్దు. తాడు, చీర, వెదురు గెడ ఏది దొరికితే అది అందించండి. ఒకరు 112కు గాని, అగ్నిమాపక దళానికి 101కి గాని ఫోను చేయాలి. మిగిలినవారు పడినచోట గుమిగూడి నిలబడకుండా, నీరు పోయే వైపున కాలువ తెరచి ఉన్న తరువాతి చోటికి పరుగెత్తాలి. పడినవాడు అక్కడికే వస్తాడు. మురుగు గుంటలో పడిపోయిన మనిషి కోసం గాలి తొడుగు లేనివాడు దిగనే కూడదు.

అధికారులను కోరవలసినది కూడా ఉంది. వానాకాలం ముందే కాలువల్లో పూడిక తీయించాలి. తీసిన పూడికను గట్టు మీదనే వదిలితే మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది. మూసిన కాలువ మొదలయ్యే ప్రతి చోట ఇనుప ఊచల జాలి ఉండాలి. అది నిటారుగా కాక వాలుగా ఉంటే పడినవాడు నీటి ఒత్తిడికి అతుక్కుపోకుండా పైకి పాకగలడు. బడి దగ్గర, బస్సు ఆగే చోట తెరచి ఉన్న కాలువకు పలకలు వేయాలి. కొత్త లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు గెడ్డ ఎక్కడ ఉన్నదో పాత గ్రామపటం తెప్పించి చూడాలి. గెడ్డ మరచిపోదు, కాగితమైనా గుర్తు చేయాలి.

చీకటి చూడాలంటే

పిల్లలకు భూమి లోపలి వింత చూడాలని ఉంటే కాదనవద్దు. మన ఊరి పక్కన పారే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో బొర్రా గుహల మీదుగా వస్తుంది. వేల ఏళ్ళుగా సున్నపురాయిని కరిగించి నీరు తొలిచిన సొరంగం అది. పైనుండి కిరండూల్ రైలు పోతుంది. ఆవు ఒకటి గుహ కప్పులోని కంత లోంచి పడిందనీ, వెదుకుతూ వెళ్ళిన పశువుల కాపరికి లోపల శివలింగం వంటి రాయి కనబడిందనీ స్థలపురాణం. ఆ ఆవు పొదుగు పేరే నదికి వచ్చిందంటారు. అక్కడ దీపాలున్నాయి, మెట్లున్నాయి, దారి చూపేవారున్నారు. టిక్కెట్టు కొని, తల్లిదండ్రుల చేయి పట్టుకుని, నీరు చేసిన పనిని కళ్ళారా చూడవచ్చు. చూసినవాడికి ఒక్కటి తెలుస్తుంది. కొండనే తొలిచిన నీటికి మనం కట్టిన కాలువ ఏపాటి?

ఈ విలేఖరి దూరిన మదుం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. దానికి బదులు పెద్దది కట్టారు. మొన్న వేసవిలో అటు వెళుతుంటే దాని ముందు నలుగురు పిల్లలు చతికిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. బంతి లోపలికి పోయిందట. పడమట కొండల మీద నల్లగా ఉంది. జేబులో ఉన్న యాభై రూపాయలు ఇచ్చి కొత్త బంతి కొనుక్కోమని పంపాను. వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను.